ఇంటి చుట్టూ ఖాళీ జాగాలో ఏ బండలు వేయించాలి? తాండూరా, నాపరాయా, గ్రానైటా... తెలిసినవాళ్లు చెప్పండి

బోడుప్పల్_కొత్తిల్లు:
నమస్తే అందరికీ. మాది బోడుప్పల్‌లో 200 గజాల ప్లాటు, ఇంటి పని దాదాపు అయిపోవచ్చింది, ఇక బయట ఖాళీ జాగా సంగతి తేల్చాలి. ముందర కారు పెట్టే చోటు, ఒక పక్క నాలుగడుగుల సందు, వెనక చిన్న పెరడు, అన్నీ కలిపి 600 చదరపు అడుగుల దాకా వస్తది. కాంట్రాక్టర్ ఏమో మొత్తం కాంక్రీటు పోసి పైన పార్కింగ్ టైల్స్ అంటించేద్దాం సార్, నీళ్లు కొట్టి కడుక్కుంటే సరిపోతది అంటున్నడు. నాకూ మా ఆవిడకూ మాత్రం అసలైన రాయే వేయించుకోవాలని ఉంది. వెనక పాత వేప చెట్టు ఉంది, దాన్ని కొట్టేది లేదు. అమ్మ మాతోనే ఉంటది, మోకాళ్ల నొప్పులు, కాబట్టి జారుడు అస్సలు ఉండొద్దు. ఏ రాయి తీసుకోవాలి, కింద సిమెంటు వేయాలా ఇసుక వేయాలా, కారు బరువు ఆగుతదా, జర వివరంగా చెప్పండి.

రసమట్టం:
బ్రదర్, ముందు ఒక మాట. రాయి పేరు గురించి తర్వాత మాట్లాడుకుందాం, అది ఎక్కడ వేస్తున్నారు అన్నదే అసలు సంగతి. నడిచే చోటు వేరు, కారు ఎక్కే చోటు వేరు. తాండూరు బండ ఒక అంగుళం మందంది మనుషులు నడిచే దారికి బాగా సరిపోతుంది, అదే బండ మీద కారు చక్రం రోజూ ఒకే గాటన ఎక్కి దిగితే, కింద ఎక్కడైనా గుల్ల ఉంటే చాలు, మధ్యకి విరుగుతుంది. కారు జాగాకి రెండంగుళాల గ్రానైట్ గానీ, మూడు నాలుగు అంగుళాల గ్రానైట్ కోబుల్స్ (చిన్న మందపాటి రాతి దిమ్మలు) గానీ చూసుకోండి. రెండడుగులకి రెండడుగులు, రెండంగుళాల మందం గ్రానైట్ పలక ఒక్కోటి 50 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు పట్టుకుని దించాల్సిందే, కూలి లెక్క మాట్లాడుకునేటప్పుడే ఈ మాట అనుకోండి, తర్వాత పేచీ రాకుండా.

ఇక పాలిష్ బండ బయట వేయొద్దు. షోరూంలో అద్దంలా మెరుస్తుంటే చూడ్డానికి బానే ఉంటుంది, ఒక్క వాన పడితే అమ్మగారు అడుగు పెట్టలేరు. గ్రానైట్ అయితే ఫ్లేమ్డ్ ఫినిష్ అని అడగండి, మంటతో పైపొర ఎగరగొట్టి గరుకు చేస్తారు. తాండూరు అయితే పాలిష్ పట్టని మామూలు బండ, పొర మీద చీల్చినట్టు ఎలా వస్తుందో అలాగే.

తాండూర్_దోస్త్:
మా ఊరి బండ మాట వచ్చింది కాబట్టి నేను చెప్తా. తాండూరు రాయి అంటే సున్నపురాయే, భూమిలనే పొరలు పొరలుగ ఉంటది, అందుకే ఇంత తేలిగ్గ పలకలుగ లేస్తది. నీలం రంగు, పసుపు రంగు రెండూ దొరుకుతయ్. నీలం అంటరు గానీ చూస్తే బూడిద రంగే ఎక్కువ. షాబాదు బండ అనేది కర్ణాటకల కలబురగి దిక్కు షాబాద్ నుంచి వచ్చేది, దాని తోబుట్టువే ఇది, రెండూ భీమా నది దిక్కు రాళ్లే. హైదరాబాద్ల ఏ పాత ఇంటికి పోయినా కింద ఉండేది ఇదే.

కొనేటప్పుడు ఇవి చూడున్రి. బండను అంచు మీద నిలబెట్టి వేళ్ల కణుపులతోని కొట్టు. ఖంగున మోగితే మంచిది, బొద్దుగ మూగ సప్పుడు వస్తే లోపల చీలిక ఉన్నట్టు. అంచుల పక్కకెళ్లి చూస్తే సన్న గీతలు కనపడుతయ్, గోటితోని గీకితే పెచ్చు లేస్తే ఆ బండ వద్దు, వానకాలం రాంగనే పొర ఊడుతది. ఇంకోటి, మందం. అంగుళం అని బిల్లుల రాస్తరు, లారీ దించినంక చూస్తే ముప్పావు అంగుళంవి కలుస్తయ్. టేపు పట్టుకొని దించే కాడ్నే నిలబడున్రి.

బేతంచెర్ల_వాసి:
తాండూరన్న చెప్పినవన్నీ మా నాపరాయికి కూడా వర్తిస్తాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె చుట్టూ ఇదే బతుకు మాకు. మా పక్క పల్లెల్లో నేల మీద పరిచేదే కాదు, గోడలూ దీంతోనే, కొన్నిచోట్ల మిద్దెలు కూడా బండల కప్పే. ఎండాకాలం రాయలసీమలో ఉండి చూడండి, లేత రంగు నాపరాయి మీద సాయంత్రానికి పడుకోవచ్చు, నల్ల కడప బండ మీద మాత్రం మధ్యాహ్నం కాలు పెట్టలేరు. నల్ల రాయి ఎండనంతా తాగేస్తుంది. పిల్లలు ఒట్టి కాళ్లతో తిరిగే పెరటికి నల్లది వద్దే వద్దు, అది గ్రానైటైనా కడప బండైనా.

ఇంకొక సంగతి, ఇది ఎవరూ అనరు కాబట్టి నేనంటాను. మా దగ్గర గనుల పక్కన పనికిరాని ముక్కల గుట్టలు ఎంతెంత ఉంటాయో వచ్చి చూస్తే తెలుస్తుంది. చదరంగా కోయగా మిగిలినవి, మూల విరిగినవి. పెరటి దారికి చదరపు బండే కావాలని ఏముంది, ఆ ముక్కలనే వంకర టింకరగా ఒకదాని పక్కన ఒకటి కూర్చి వేయిస్తే ఎంత బాగుంటుందో. మంచి మేస్త్రి అయితే సందులు సమంగా వచ్చేట్టు ముక్కలు ఏరి ఏరి పెడతాడు, దానికి ఓపిక కావాలి, కూలి కొంచెం ఎక్కువ పడుతుంది, రాయికి మాత్రం చాలా తక్కువ. రాయిని వృథా చేయకుండా వాడినట్టూ ఉంటుంది.

పచ్చనిపెరడు:
నేను ల్యాండ్‌స్కేప్ డిజైన్ పనిలో ఉన్నాను, హైదరాబాద్‌లోనే. ఇక్కడ అందరూ రాయి గురించి మంచి విషయాలు చెప్పారు, నేను రాయి కింద ఏముండాలో చెప్తాను, ఎందుకంటే బయట వేసిన బండలు పాడయ్యేది నూటికి తొంభై పాళ్లు కిందనుంచే.

మీరు దయచేసి 600 అడుగులూ కాంక్రీటుతో మూసేయకండి. ఒక్కసారి లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మీ 600 చదరపు అడుగులంటే దగ్గర దగ్గర 56 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన ఒకటి కొట్టిందంటే ఆ జాగా మీదే 2,800 లీటర్లు, ఇంకా డాబా మీది నీళ్లు వేరే. అదంతా గేటు దాటి రోడ్డు మీదికి పోతుంది, మీ గల్లీలో అందరూ అలాగే చేస్తే చివరి ఇంటివాళ్ల సెల్లారు నిండుతుంది. హైదరాబాద్ వరదలో మునిగిన 2020 అక్టోబరు 13 రాత్రి ఎవరూ మర్చిపోయి ఉండరు. ఇళ్ల మధ్య మట్టి అనేది కనపడకుండా చేసుకున్నాం మనం, ఎండాకాలం రాగానే మళ్లీ ట్యాంకరు కోసం ఫోన్లు.

అందుకే నేను చెప్పే పద్ధతి ఇది. పైన ఒక ఎనిమిది తొమ్మిది అంగుళాలు మట్టి తీయించండి. నల్లరేగడి అయితే అక్కడితో ఆగకుండా ఇంకా లోతుకి తీసి మొరం నింపాలి, ఎందుకంటే రేగడి వానకి ఉబ్బి ఎండకి ముడుచుకుంటుంది, పైన ఎంత ఖరీదైన రాయి వేసినా అలలు తేలుతుంది. తర్వాత 40 ఎంఎం, 20 ఎంఎం కంకర కలిపి పొరలుగా వేసి, ఒక్కో పొరకీ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాలి, కారు జాగా అయితే దిమ్మిస చాలదు, ప్లేట్ కంపాక్టర్ అద్దెకి దొరుకుతుంది, అది తెప్పించండి. నడిచే దారికి నాలుగంగుళాల కంకర సరిపోతుంది, కారుకి కనీసం ఆరు. దానిమీద అంగుళం, అంగుళంన్నర బేబీ చిప్స్ (సన్న కంకర) పరిచి సమం చేసి దాని మీద బండ. సందు అర అంగుళం వదలండి, సందులో కూడా బేబీ చిప్సే నింపండి. సిమెంటు వద్దు. నీళ్లు సందులోంచి దిగి, చిప్స్‌లోంచి కంకరలోకి, కంకరలోంచి భూమిలోకి పోతాయి.

రసమట్టం:
మేడం గారూ, మీతో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. నడిచే దారికి మీరు చెప్పింది రైటే. కారు జాగాలో సిమెంటు లేకుండా బండలు వేస్తే స్టీరింగ్ తిప్పే చోట బండ మెల్లమెల్లగా జరుగుతుంది. మన సిటీలో ఇరుకు గేట్లు, కారు లోపలికి పెట్టి ఉన్నచోటే చక్రం తిప్పుతారు, ఆ ఒరిపిడికి సందులో చిప్స్ అన్నీ బయటికి వచ్చేస్తాయి. నేను ఎన్నో సైట్లలో చూశాను. కింద నాలుగంగుళాల పీసీసీ (కమ్మీ లేని మామూలు కాంక్రీటు) వేసి, మాలు పరిచి, బండ కూర్చోబెడితే కదలదు.

పచ్చనిపెరడు:
మీరన్నది నిజంగా జరిగేదే, కాదనను. అయితే అది సిమెంటు లేనందుకు కాదండీ, అంచు కట్టు లేనందుకు. చుట్టూ బలమైన అంచు ఉంటే లోపలి బండలు ఎటూ జరగలేవు. నాలుగు పక్కలా గ్రానైట్ కర్బ్ రాయిని నిలువుగా కాంక్రీటులో పాతండి, అక్కడ మాత్రం సిమెంటు కావాల్సిందే. రెండోది, కారు జాగాకి పెద్ద పలకలు కాకుండా చిన్న మందపాటి కోబుల్స్ అయితే బరువు పంచుకుంటాయి, రెండడుగుల పలకలా ఒక మూల మీద బరువు పడి రెండో మూల లేవదు. చార్మినార్ చుట్టూ బండ్లు రాకుండా చేసినప్పుడు పరిచిన గ్రానైట్ రాళ్లు చూసే ఉంటారు, అంతంత జనం తిరిగే చోట చిన్న మందపాటి రాయే ఎందుకు పెట్టారో అక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది.

సిమెంటు బెడ్డు మీద వేస్తే ఇంకో తలనొప్పి కూడా ఉంది. మాలు అన్నిచోట్లా సమంగా పరవరు, బండ నాలుగు మూలల కిందా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి వదిలేస్తారు. ఆ ఖాళీల్లో నీళ్లు నిలుస్తాయి, సిమెంటులో ఉన్న ఉప్పు పైకి తేలి బండ మీద తెల్లటి మచ్చలు కడుతుంది, చీమలు గూళ్లు పెడతాయి, చివరికి బండ విరుగుతుంది.

రసమట్టం:
ముద్దలు పెట్టే పని నేనూ ఒప్పుకోను, అది దొంగపని. మాలు పూర్తిగా పరిచి, బండ పెట్టి రబ్బరు సుత్తితో కొడుతూ వినాలి, ఎక్కడ డొల్లగా మోగితే అక్కడ ఎత్తి మళ్లీ మాలు వేయాలి. ఇంటివాళ్లు పక్కన నిలబడి ప్రతి బండనీ ఒకసారి తట్టి చూసుకోవాలి, మాలు ఆరాక చెప్పి లాభం లేదు.

సరే, కోబుల్స్, గట్టి అంచు రెండూ ఉంటే సిమెంటు లేకుండా కారు జాగా నడుస్తుంది, ఆ మాట ఒప్పుకుంటున్నాను. ప్లేట్ కంపాక్టర్ తప్పనిసరి మరి. దిమ్మిసతో కారు జాగా గట్టిపడదు. ఒకవేళ పలకలే కావాలంటే చక్రాలు నడిచే రెండు పట్టీల వరకు సిమెంటు బెడ్డు వేసి, మధ్య పట్టీ, పక్కలు గరికకో చిప్స్‌కో వదిలేయండి. నీళ్లు దిగడానికి అదే చాలా జాగా.

నీటిచుక్క:
ఆ రెండు పట్టీల ఐడియా చాలా మంచిది అన్నా, దయచేసి అందరూ అదే చేయండి. దీనికి తోడు ఇంకుడు గుంత కూడా ఇప్పుడే తవ్వించేసుకోండి, బండలు వేశాక మళ్లీ పగలగొట్టడం ఎందుకు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉమ్మడి రాష్ట్రంలోనే తెచ్చారు, నీళ్లు, భూమి, చెట్లు కాపాడుకోవడానికి, వాన నీళ్లు ఇంకించుకునే ఏర్పాటు అందులో ఉన్నదే. గుంత ఇంటి పునాదికి ఆనుకుని వద్దు, సెప్టిక్ ట్యాంకు దగ్గర అసలే వద్దు. డాబా పైపు నీళ్లని ముందు చిన్న చాంబర్‌లోకి దింపి ఆకులూ మట్టీ అక్కడ ఆగేట్టు చేసి తర్వాత గుంతలోకి వదలండి, లేకపోతే రెండు వానలకే గుంత పూడిపోతుంది.

ఇంకా వాటం గురించి ఎవరూ అనలేదు. సందుల్లోంచి నీళ్లు దిగుతాయి కదా అని బండలు బల్లపరుపుగా వేయకూడదు. పెద్ద వానకి అంత నీరు ఒకేసారి దిగదు. పది అడుగులకి అంగుళంన్నర వాటం ఉండాలి, అది ఇంటి వైపు కాకుండా బయటికి, గుంత వైపు. ఇంకా బండల పైమట్టం మీ ఇంటి బేస్‌మెంటు డీపీసీ పట్టీకి (చెమ్మ గోడలోకి ఎక్కకుండా వేసే పొరకి) కనీసం ఆరంగుళాలు కింద ఉండాలి. చాలామంది పాత గచ్చు మీదే మట్టి పోసి మళ్లీ బండలు వేయించి మట్టం పెంచేసుకుంటారు, ఏడాది తిరిగేసరికి లోపలి గోడలు చెమ్మెక్కి రంగు పొట్టు లేస్తుంది, పెయింటర్‌ని తిడతారు పాపం.

అమ్మకోసం:
మీ అమ్మగారి మాట చదివి రాస్తున్నాను. మా అత్తయ్య పోయిన వానాకాలం గేటు లోపలి ర్యాంపు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. కట్టించిన కాంట్రాక్టరు అక్కడ మెరిసే గ్రానైట్ వేసి అందం కోసం అని చెప్పాడు, ర్యాంపు ఏటవాలు కూడా ఎక్కువ, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఆమె మళ్లీ మామూలుగా నడవలేదు. అందుకని దండం పెట్టి చెప్తున్నాను, రాయి కొనేముందు శాంపిల్ ముక్క ఇంటికి తెచ్చుకోండి, దాని మీద బకెట్టు నీళ్లు పోసి, అమ్మగారు ఇంట్లో రోజూ వేసుకునే చెప్పులతోనే, మీరు చెయ్యి పట్టుకుని నిలబడి, ఆమెను అడుగు వేయించి చూడండి. సబ్బు నీళ్లతో కూడా చూడండి, ఎందుకంటే బట్టలు ఉతికే చోటు కూడా అదే అవుతుంది.

ఇంకొకటి, మరీ గరుకు కూడా పెద్దవాళ్లకి కష్టమే. ఎత్తుపల్లాల బండల్లో కాలి బొటనవేలు తగిలి ముందుకు పడతారు. బండకీ బండకీ మధ్య ఎత్తు తేడా లేకుండా చూసుకోండి, సందులో గరిక పెంచే దారి అయితే అది వాళ్లు నడిచే ముఖ్యమైన దారి కాకుండా చూసుకోండి. గేటు నుంచి గుమ్మం దాకా దగ్గర దగ్గర సందులతో సాఫుగా ఉండాలి, వాకరు చక్రం ఇరుక్కోకూడదు. గరిక సందులు పెరటి వైపు పెట్టుకోండి.

సాగరతీరం:
వైజాగ్ నుంచి అండి. మాకు ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, సున్నపురాయి బండలు ఎండ తగలని ఉత్తరం సందులో వేస్తే వానాకాలమంతా పాకుడే. మా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పాకుడు పోవాలని బాత్రూం యాసిడ్ పోసి తోమేసేవాడు, తెల్లగా బుసబుస పొంగేది, అందరూ మురికి పోతోంది అనుకునేవాళ్లు. పోయేది మురికి కాదండి, రాయే. తాండూరు, నాపరాయి, కడప బండ, కోటా, ఇవన్నీ సున్నపురాళ్లే, యాసిడ్ పడితే కరిగిపోతాయి, పైన గరుకు గుంటలు పడి తర్వాత పాకుడు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మీకు అమ్మేవాడు గ్రానైట్ అని ఏదైనా అంటగడుతుంటే బండ మూల కొంచెం గీకి ఆ పొడి మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి, పొంగితే అది సున్నపురాయి.

పాకుడుకి గట్టి బ్రష్షు, బ్లీచింగ్ పౌడరు నీళ్లు చాలు. పోసి కాసేపు ఉంచి తోమి బాగా కడిగేయాలి. ఒకే రోజు బ్లీచింగూ యాసిడూ రెండూ వాడొద్దు, కలిస్తే విషపు గాలి వస్తుంది, ఊపిరాడదు. అసలు పాకుడు పట్టకుండా ఉండాలంటే ఎండ పడనివ్వాలి, ఏసీ నీళ్ల పైపు, వాషింగ్ మెషిన్ పైపు బండల మీద కారకుండా డ్రైనేజీలో కలిపేయాలి. ఇనప పూలకుండీ స్టాండులు కూడా నేరుగా బండ మీద పెట్టకండి, తుప్పు మరక ఒక పట్టాన పోదు.

న్యూజెర్సీ_తెలుగు:
ఇక్కడ ఇళ్ల వెనకాల పేషియోలకి బ్లూస్టోన్ అని ఒక ఇసుకరాయి వేస్తారు. మా దగ్గర పెద్ద శత్రువు మంచు. సందులో దిగిన నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, బండల్ని పైకి లేపేస్తుంది, అందుకని కింద కంకర పొర బాగా మందంగా వేస్తారు. ఈ మాట ఎందుకంటే, మా నాన్న ఉప్పల్‌లో ఇల్లు బాగుచేయిస్తూ ఇక్కడి వీడియోలు చూసి అంతే లోతు తవ్విస్తానన్నారు. హైదరాబాద్‌లో మంచు గొడవ లేదు కదా, అక్కడ చూడాల్సింది నేల రేగడా మొరమా అన్నది. పైన మేడం గారు రాసింది ఆయనకి వాట్సాప్‌లో పంపించాను, చదివి మళ్లీ గుంత కొలిపిస్తున్నారు.

వరంగల్_నర్సమ్మ:
రాయి వేయించేవాళ్ల ఇంటి అందం గురించి ఇంత మాట్లాడుకున్నాం, రాయి కోసే పిల్లల గురించి కూడా ఒక మాట. నేను ఛాతీ వార్డులో పని చేసిన. గ్రానైట్‌ల సిలికా ఉంటది, ఇసుకరాయిల ఇంకా ఎక్కువ. మిషిన్ పెట్టి ఎండుగ కోస్తే లేచే ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తులల్ల పోయి కూసుంటది, మళ్ల బయటికి రాదు. సిలికోసిస్ అంటరు, దానికి నయం చేసే మందు లేదు. ఇరవై ఏండ్ల పిలగాడు మూతికి రుమాలు కట్టుకొని కోస్తుంటడు, రుమాలు ఆ దుమ్మును ఆపదు.

మీ ఇంట్ల పని జరిగేటప్పుడు మీరు చేయగలిగేది చేయున్రి. కట్టర్ పట్టినోని పక్కన ఇంకొకళ్లను నిలబెట్టి నీళ్లు పోపియ్యున్రి, లేకుంటే పైపు కట్టిపియ్యున్రి. కరెంటు మిషిన్ కాబట్టి వైరు, ప్లగ్గు తడవకుంట, ఈఎల్‌సీబీ (షాక్ కొట్టంగనే కరెంటు ఆపే స్విచ్చి) ఉన్న పాయింటుకే పెట్టాలె. ఎన్95 మాస్కులు మీరే కొనియ్యున్రి, మేస్త్రి కొంటడని చూడొద్దు. వీలైతే సైజులు ముందుగాలనే కొలిచి ఫ్యాక్టరీలనే కోపిచ్చి తెప్పిచ్చుకోండి, ఇంటికాడ కోత తగ్గుతది, మీ ఇంట్ల పెద్దామెకు కూడా ఆ దుమ్ము తగలదు.

తాండూర్_దోస్త్:
అక్క మంచి మాట చెప్పింది. మా దిక్కు పాలిష్ యూనిట్లల్ల నీళ్లతోనే కోస్తరు, దుమ్ము తక్కువే, కానీ ఆ బురద ఎండినంక గాలికి లేస్తది, రోడ్ల పక్కన పోసి పోతరు. బయటికి పాలిష్ లేని బండ కొంటే ఆ పని కూడా తగ్గినట్టే.

బోడుప్పల్_కొత్తిల్లు:
ఇంత మంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, మా ఆవిడకి మొత్తం చదివి వినిపించిన. కాంట్రాక్టర్‌తోని మాట్లాడి టైల్స్ ఆర్డర్ ఆపించిన. ముందర చక్రాల కింద రెండు పట్టీలు ఫ్లేమ్డ్ గ్రానైట్, మధ్యల గరిక. గేటు నుంచి గుమ్మం దాకా, పక్క సందులో పసుపు తాండూరు, పాలిష్ లేనిది. పెరట్ల ముక్కల బండలు. నేల మొరమే, తవ్వి చూసినం.

రెండు డౌట్లు మిగిలినయ్. గుమ్మం ముందర మా ఆవిడ రోజూ కళ్లాపి చల్లి ముగ్గు పెడతది, చిప్స్ సందులుంటే ముగ్గు ఎట్ల పడతది? వేప చెట్టు మొదలు దాకా బండలు పోనియ్యొచ్చా? మేస్త్రి ఏమో చెట్టు చుట్టూ గుండ్రంగ గట్టు కట్టి లోపల దాకా వేద్దామంటున్నడు.

బేతంచెర్ల_వాసి:
ముగ్గు సంగతి నేను చెప్తాను. గుమ్మం ముందు ముగ్గు పట్టేంత వెడల్పు పెద్ద బండ ఒక్కటే వేయించండి, నాలుగడుగులకి మూడడుగులది దొరుకుతుంది, రెండంగుళాల మందం చూసుకోండి, పెద్ద బండ సన్నగా ఉంటే దించేటప్పుడే విరుగుతుంది. సందే ఉండదు. మా ఊళ్లో ప్రతి ఇంటి ముందరా ఇట్లాంటి బండే ఉంటుంది, కూర్చోడానికీ, ముగ్గుకీ, సంక్రాంతికి గొబ్బెమ్మలకీ అదే. పేడ నీళ్లకి దానికేమీ కాదు. పసుపు కుంకుమ మరక మాత్రం లేత బండకి పట్టుకుంటుంది, పండగ అయిన రోజే కడిగేస్తే పోతుంది.

పచ్చనిపెరడు:
చెట్టు మొదలు దాకా అస్సలు వద్దండీ. వేర్లకి నీళ్లు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. ఢిల్లీలో చెట్ల మొదళ్ల దాకా కాంక్రీటు పోసేస్తుంటే 2013లో జాతీయ హరిత ట్రిబ్యునలే మొదలు చుట్టూ ఒక మీటరు దాకా తీసేయమని ఆదేశించింది. మీది పాత చెట్టు, మీటరు తక్కువే, జాగా ఉన్నంత వదలండి. గట్టు కట్టి లోపల మట్టి పోయడం కూడా వద్దు, మొదలు మట్టిలో కూరుకుపోతే బెరడు కుళ్లుతుంది. ఇప్పుడున్న నేల మట్టం ఎంతుందో అంతే ఉంచి ఎండుటాకులు పరవండి, వేప రాల్చే ఆకులే సరిపోతాయి.

అలా వదిలిన జాగా దాటాక ముక్కల బండలు మొదలుపెట్టండి. అక్కడ మిగతా చోట్ల లాగా లోతుగా తవ్వొద్దు, లావు వేర్లు తెగుతాయి. పైన రెండంగుళాల మట్టి చేత్తో గీకి తీయించి, చిప్స్ పరిచి, బండలు ఎడంగా పెట్టించండి. వేరు అడ్డం వస్తే బండని పక్కకి జరపమనండి, వేరుని కొట్టనివ్వకండి. పనివాళ్లకి ముందే చెప్పకపోతే గునపంతో ఒక్క పోటు పొడిచి తీసేస్తారు. కొన్నేళ్లకి వేరు లావెక్కి బండ పైకి లేస్తుంది, లేవనివ్వండి, సిమెంటు లేదు కాబట్టి ఆ ఒక్క బండ ఎత్తి కింద చిప్స్ కాస్త తీసి మళ్లీ కూర్చోబెట్టుకోవచ్చు.

రసమట్టం:
గ్రానైట్ పట్టీల కింద సిమెంటు బెడ్డు వేస్తున్నారు కాబట్టి ఇంకో మాట. వేసిన వెంటనే కారు ఎక్కించొద్దు. వారం పాటు రోజూ తడపండి, గోనెపట్టాలు కప్పి ఉంచితే ఇంకా మంచిది. కారు మాత్రం నాలుగు వారాలు బయటే పెట్టుకోండి. గేటు దగ్గర సన్న తాడు కట్టేయండి, ఎవరో ఒక చుట్టం చూడకుండా లోపలికి తెచ్చేస్తారు. చిప్స్ సందులున్న వైపుకి ఈ వెయిటింగ్ అక్కర్లేదు, కంపాక్టర్ కొట్టి సందులు నింపిన రోజే నడవొచ్చు. మొదటి నాలుగైదు వానలకి చిప్స్ కొంచెం కిందికి దిగుతాయి, ఒక రెండు బస్తాలు పక్కన పెట్టుకోండి, చీపురుతో ఊడ్చి మళ్లీ నింపేయొచ్చు. తాండూరు బండలు కూడా ఒక పది ఎక్స్‌ట్రా కొని డాబా మెట్ల కింద పెట్టుకోండి, తర్వాత కొంటే అదే పసుపు రంగు దొరకదు.